ఏ ప్రింటు చూశావబ్బయా?

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో 1999 నుంచి 2013 దాకా నాకు సీడీల షాపు ఉండేది. ఇప్పుడు అదే షట్టర్ కింద జిరాక్సు మిషను, రీచార్జిలు, లామినేషను. బోర్డు మారింది గానీ బెంచీ మారలేదు. సాయంత్రం ఏడు దాటితే దాని మీద జనం చేరతారు. రిటైరైన లెక్కల మాస్టారు, రైల్వేలో గార్డుగా చేసి దిగిన గార్డు మామ, ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు, పొయ్యి ఆర్పేశాక పక్క టిఫిను కొట్టు అక్క. మాట ఎక్కడ మొదలైనా సినిమా మీదికే వస్తుంది.

షాపు రోజుల్లో కౌంటరు ముందు నిలబడ్డ ప్రతి ఒక్కరూ మొదట అడిగే మాట ఒకటే: "ప్రింటు ఎట్టుంది?" కథ ఎట్టుందని తర్వాత అడిగేవాళ్లు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అడగడం లేదు. అడగకపోవడం వల్ల డబ్బూ పోతోంది, బెంచీ మీద తగాదాలూ పెరుగుతున్నాయి.

మొన్నామధ్య పుష్ప 2 గురించి గార్డు మామకీ మా మేనల్లుడికీ పడింది. మామ 2024 డిసెంబరులో, విడుదలైన వారంలోనే హాల్లో చూశాడు. వీడు తర్వాత హాస్టల్లో ఫోనులో చూశాడు. వీడొక సీను చెప్తే ఆయన "అది సినిమాలో లేదురా" అంటాడు. "నువ్వు నిద్రపొయ్యుంటావు మామా" అని వీడు. ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన మనిషిని నిద్రపోయావంటే ఊరుకుంటాడా? మాటా మాటా పెరిగి అక్క వచ్చి ఆపాల్సి వచ్చింది. తీరా చూస్తే ఇద్దరిదీ నిజమే. 2025 జనవరి 17 నుంచి ఆ సినిమాకు సుమారు 20 నిమిషాలు కలిపి రీలోడెడ్ అని హాళ్లలో వేశారు, ఓటీటీకీ పొడుగు ప్రింటే వచ్చింది. మామ చూసింది ఒకటి, వీడు చూసింది ఇంకొకటి.

అందుకని కొనేటప్పుడైనా, వాదించేటప్పుడైనా ముందు నిడివి చూడండి. హాల్లో సినిమాకు ముందు సెన్సారు సర్టిఫికెట్ వేస్తారు కదా, అందులో నిడివి నిమిషాలూ సెకన్లతో సహా ఉంటుంది. మనం ఆ టైములో పాప్‌కార్న్ ఎక్కడ పెట్టుకోవాలా అని చూస్తుంటాం. ఆ అంకె గుర్తుంటే, ఇంట్లో కొనబోయే సినిమా పేజీలో రాసిన నిడివితో పోల్చుకోవచ్చు. పది నిమిషాలు తక్కువుంటే కోసినట్టు, ఎక్కువుంటే కలిపినట్టు అనుకోవచ్చు. ఓటీటీ వాళ్లకు సెన్సారు బోర్డు ముందస్తు సర్టిఫికెట్ అక్కర్లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు రేటింగు వాళ్లే వేసుకుంటారు. కాబట్టి హాల్లో మూగపోయిన మాట అక్కడ వినపడే అవకాశం ఉంది. టీవీ చానల్ది మళ్లీ వేరే. పెద్దలకు మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్ వచ్చిన సినిమాను కోసి యూ/ఏ చేయించుకుంటే తప్ప చానల్లో వెయ్యకూడదు. అంటే ఒకే సినిమా హాల్లో ఒక రకం, ఫోనులో ఒక రకం, ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఇంకో రకం ఉండొచ్చు.

నిడివి విషయంలో ఒక మెలిక ఉంది. 2006లోనో ఏమో, ఒక రైసుమిల్లు ఆయన డీవీడీ కొనుక్కెళ్లి మర్నాడే తిరిగొచ్చాడు. "రెండున్నర గంటల సినిమా. నీ డిస్కులో రెండు గంటల ఇరవైనాలుగే ఉండాది. ఆరు నిమిషాలు కోసేశారు, నా డబ్బులు నాకియ్యి" అని కూర్చున్నాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. మాస్టారే కాగితం తీసి లెక్క వేశాడు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల మీద తీస్తారు. అప్పట్లో మన టీవీలు వాడే పాల్ పద్ధతిలో చేసిన డిస్కు 25 ఫ్రేముల మీద ఆడుతుంది. 24వి 25 లెక్కన తిప్పేస్తే నూటికి నాలుగు పాళ్లు ముందే అయిపోతుంది. 150 నిమిషాలు 144 అవుతాయి. ఒక్క సీను కూడా పోదు, గొంతులు మాత్రం పిసరంత సన్నబడతాయి. మిల్లాయన లెక్క ఒప్పుకున్నాడు గానీ, "మరి ఆరు నిమిషాల డబ్బులు?" అన్నాడు. ఒక ఖాళీ కవరిచ్చి పంపించా. పాత డీవీడీ కొనేటప్పుడు ఈ నాలుగు పాళ్లు తీసేసి చూసుకోండి. అంతకు మించి తగ్గితేనే అనుమానపడాలి.

ఇక డిస్కుల సంగతి. ఈ కాలంలో డిస్కులెవరు కొంటారంటారా? నేను కొంటాను. పాత సినిమాలు కొన్ని ఏ యాప్‌లోనూ ఉండవు. ఉన్నా ఇవాళ ఉండి రేపు మాయమవుతాయి. చెన్నై పోయినప్పుడు సెంట్రల్ పక్క మూర్ మార్కెట్టులో ఒక గంట తిరుగుతా. ఆన్‌లైన్లో పాతవి అమ్మేవాళ్లున్నారు, వాళ్లనైతే డిస్కు అడుగువైపు ఫోటో అడగండి. పంపకపోతే వదిలెయ్యండి.

అడుగువైపు ఎందుకంటే అసలు గుట్టంతా అక్కడే ఉంది. కంపెనీలో అచ్చు గుద్దిన డిస్కు అడుగున మామూలుగా తెల్లటి వెండి రంగు ఉంటుంది. కంప్యూటర్లో రాసిన డిస్కు ఊదాగానో, నీలంగానో, ఒక్కోసారి లేత ఆకుపచ్చగానో కొడుతుంది. నడిమి చిల్లు చుట్టూ ఉండే గాజులాంటి వలయాన్ని వెలుతురుకు తిప్పి చూడండి. అచ్చు డిస్కు మీద సన్నని అక్షరాలు చెక్కి ఉంటాయి, వాటిలో ఐఎఫ్‌పీఐ అని ఒక కోడు కనపడుతుంది. పైన లేబులు ఎంత తళతళలాడినా నమ్మొద్దు, లేబులు ఎవడైనా ప్రింటు తీస్తాడు. అప్పట్లో రాసిన డిస్కులు గోనెసంచిలో తెచ్చి కౌంటరు మీద పోసేవాళ్లు. రెండుసార్లు ఆశపడి కొన్నా. ఒకదాంట్లో పాట మధ్యలో ఎవడో లేచి తెరకడ్డంగా నడిచిపొయ్యాడు, హాల్లో దొంగతనంగా తీసింది. దాన్ని అద్దెకు తీసుకెళ్లిన టీచరమ్మ తిరిగిచ్చేటప్పుడు చూసిన చూపు నాకింకా గుర్తే. ఇప్పుడైతే తిట్లతో పోదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా మూడు లక్షల దగ్గర మొదలు.

గీతల సంగతి చాలామందికి తిరగబడి తెలుసు. అడుగున గీత పడితే డిస్కు పోయిందని పారేస్తారు, పైన లేబులు మీద బాల్‌పెన్నుతో పేరు రాస్తారు. వీసీడీ, ఆడియో సీడీల్లో సమాచారమున్న పొర సరిగ్గా లేబులు కిందనే ఉంటుంది, పైన వార్నీషు పూత తప్ప ఇంకేం లేదు. పెన్ను గట్టిగా నొక్కారంటే అక్కడ సినిమా చచ్చినట్టే. అడుగువైపు మందపాటి ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి చిన్న గీతలు తట్టుకుంటుంది. డీవీడీలో ఆ పొర రెండు సన్నటి పలకల మధ్యన ఉంటుంది, కాబట్టి పైన కొంచెం నయం. కొనేముందు డిస్కును ట్యూబులైటు వైపు పైకెత్తి పట్టుకోండి. సన్నటి వెలుగుచుక్కలు ఆరపారా కనపడితే పొర లేచిపోయిందన్నమాట, అది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. తుడిచేటప్పుడు మెత్తటి నూలుగుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా లాగండి. గిన్నె తోమినట్టు గుండ్రంగా తిప్పకండి. గుండ్రంగా పడ్డ గీత చదివే దారి వెంటే పోతుంది, మిషను దాన్ని దాటలేదు.

వీసీడీలైతే సెట్టు పూర్తిగా ఉందో లేదో చూసుకోండి. ఒక్కో డిస్కులో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది, కాబట్టి మన సినిమాలు రెండు మూడు డిస్కులుగా వచ్చేవి. పాత సామాన్లలో దొరికే సెట్టుకు ఎప్పుడూ చివరిదే తక్కువ పడుతుంది. ఎందుకో తెలీదు గానీ జనం క్లైమాక్సు తిరిగివ్వరు. 2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు అని పెట్టేసరికి రోజుకు పది రూపాయల అద్దె మీద బతికే నాలాంటి వాళ్ల నడుం విరిగింది. కొన్నవాళ్లకు మాత్రం పండగ. ఆ డిస్కులు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి, అచ్చు డిస్కులే.

ఫారిన్ నుంచి తెప్పించేవాళ్లు రీజియన్, అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోవాలి. డీవీడీల్లో మన దేశం 5, అమెరికా 1. బ్లూరేల్లో మనది సి, అమెరికాది ఎ. మా తోడల్లుడి కొడుకు డల్లాస్ నుంచి ఎంతో ప్రేమగా ఒక డీవీడీ సెట్టు తెచ్చిచ్చాడు. మా ప్లేయర్లో పెడితే తెర మీద ఒక లైను వచ్చి ఆగింది. ఆ పిల్లోడి ముందు "బాగుంది నాయనా" అనక తప్పలేదు. 0 లేదా ఆల్ అని రాసుంటే ఎక్కడైనా ఆడుతుంది. 4కే బ్లూరేలకు రీజియన్ గొడవ లేదు, అయితే దానికి ప్లేయరే వేరేది కావాలి. డిస్కులు పెట్టే యూఎస్‌బీ డ్రైవు కొని టీవీకి తగిలిస్తే ఆడుతుందని కూడా చాలామంది పొరబడతారు. మామూలుగా టీవీలు దాన్ని గుర్తుపట్టవు, ల్యాప్‌టాప్ కావాలి.

ఫోనులో, టీవీలో కొనడం, అద్దెకు తీసుకోవడం చూద్దాం. ముందు మీరు ఇప్పటికే డబ్బు కడుతున్న యాప్‌ల్లో ఆ సినిమా ఉందేమో వెతకండి. నవ్వొద్దు, సగంమంది ఉన్నదాన్నే మళ్లీ కొంటారు. పాత నలుపు తెలుపు సినిమాలు చాలావరకు హక్కులున్న సంస్థలే యూట్యూబులో ఉచితంగా పెట్టాయి. కొత్తదైతే తొందరపడకండి, మామూలుగా తెలుగు సినిమా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఏదో ఒక ఓటీటీకి వచ్చేస్తుంది.

రెండోది భాష. పోస్టరు మీద తెలుగు అక్షరాలు చూసి నొక్కేస్తే మోసపోతారు. ఆర్‌ఆర్‌ఆర్ 2022 మే 20న ఓటీటీకి వచ్చినప్పుడు తెలుగు జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మా షాపుకొచ్చి "వీళ్లు హిందీలో మాట్లాడుతుండారేంది" అన్నవాళ్లు పదిమంది ఉంటారు. నాకూ ఒకసారి తగిలింది. అమ్మ కోసం ఒక పాత సినిమా ఏకంగా కొన్నా, అద్దె కాదు. వచ్చింది డబ్బింగు. అడిగితే డబ్బు తిరిగివ్వడం కుదరదని అచ్చుగుద్దిన జవాబొకటి పంపారు. అంతటితో అయిపోలేదు, ఏడాది తిరక్కముందే అది నా లైబ్రరీలోంచి కూడా మాయమైంది. "కొనండి" అని బటను మీద ఉంటుంది గానీ అక్కడ మనం కొనేది చూసుకోడానికి అనుమతి మాత్రమే. హక్కులు వాళ్ల చేతినుంచి జారిపోతే మన చేతినుంచీ జారిపోవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ సంగతి కొనేవాళ్లకు తేటగా చెప్పి తీరాలని 2025 నుంచి చట్టమే పెట్టింది. అందుకే నా పద్ధతి ఇది: మొదటిసారి అద్దె, మూడోసారి చూడాలనిపిస్తే కొనడం, చచ్చేదాకా ఉండాలనుకుంటే డిస్కు.

అద్దెకు తీసుకుంటే మొదలుపెట్టడానికి సాధారణంగా 30 రోజులు, మొదలుపెట్టాక ముగించడానికి 48 గంటలు గడువుంటుంది. గడియారం ప్లే నొక్కిన క్షణం నుంచే. "ఊరికే పాట ఒకటి చూద్దాం" అని శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు నొక్కితే ఆదివారం రాత్రి చుట్టాలొచ్చేసరికి తలుపు మూసేస్తుంది. అందరూ అన్నాలు తిని కూర్చున్నాకే నొక్కండి.

హెచ్‌డీకి ఎక్కువ డబ్బు కట్టేముందు ఫోను చూసుకోండి. కాపీ కొట్టకుండా కాపాడే వైడ్‌వైన్ అనే తాళం ఒకటి ఫోనులో ఉంటుంది, అది ఎల్1 అయితే సరే. ఎల్3 మాత్రమే ఉంటే హెచ్‌డీకి కట్టినా మామూలు బొమ్మే వస్తుంది. ఇక డేటా. హెచ్‌డీకి గంటకు మూడు జీబీ దాకా లాగుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ రీచార్జి చేయించుకునే కుర్రాళ్లకు నేనే చెప్తా, "హీరో కుదురుకునేలోపు నీ ప్యాకు అయిపోద్ది, ఇంట్లో వైఫై దగ్గర చూడు పో" అని. నా వ్యాపారానికి నష్టమే.

టీవీలో ఒక్కటే చెయ్యండి. బొమ్మను నున్నగా చేసే మోషన్ సెట్టింగు ఆపేయండి, అది ఉంటే ఎంత పెద్ద సినిమా అయినా సీరియల్లా కనపడుతుంది. పాత సినిమా చూస్తూ టైటిల్స్‌లో అక్షరాలు పైనా కిందా తెగినట్టుంటే, చదరపు బొమ్మను వెడల్పు తెరకు సరిపెట్టడానికి కోసేశారని అర్థం. అలాంటి ప్రింటులో మనుషుల తలలు కూడా తెగుతాయి. మాయాబజార్ కొనాలంటే ముందు మీకేది కావాలో తేల్చుకోండి. 1957 నాటి నలుపు తెలుపు వేరు, 2010లో రంగులద్దింది వేరు. బాహుబలి కూడా అంతే, 2015ది, 2017ది, రెంటినీ కలిపి కోసి 2025లో వేసింది, మూడూ మూడు రకాలు.

సరే, చూశారు. ఇప్పుడు వాదన. బెంచీ మీద ఇన్నేళ్లలో మేం కొట్లాడుకుని కొట్లాడుకుని నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం.

నోరు తెరిచేముందు ఎక్కడ చూశావు, ఏ నిడివిది చూశావు అన్నది చెప్పాలి. ఎక్కడ అన్నదీ చిన్న విషయం కాదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయిన సూళ్లూరుపేట దగ్గర వంద అడుగులకు పైగా వెడల్పున్న తెర ఉంది. అక్కడ చూసొచ్చినవాడూ, బస్సులో అరచేతిలో చూసినవాడూ యుద్ధం సీను గురించి వాదించుకుంటే వినేవాడికి నవ్వొస్తుంది. మాటలూ కథా గురించైతే ఫోనులో చూసినవాడికీ హక్కుంది.

కలెక్షన్లు తేకూడదు. తెచ్చేవాడికి గ్రాసుకీ షేరుకీ తేడా తెలిసుండాలి. గ్రాసంటే టికెట్ల మొత్తం వసూలు, అందులో టికెట్టు మీది జీఎస్టీ కూడా కలిసే ఉంటుంది. పన్నూ, హాలు ఖర్చులూ పోగా డిస్ట్రిబ్యూటరుకు మిగిలేది షేరు. ఒకడు గ్రాసు చెప్తే ఇంకొకడు షేరు చెప్తాడు, ఇద్దరూ కొట్టుకుంటారు. ఏరియాల జాబితాలో మామూలుగా నెల్లూరు అట్టడుగున ఉంటుంది, దానికీ మనవాళ్లు మీసం తిప్పుతారు. అభిమానం మాట ఎత్తితే ఆ రోజుకు టీ ఖర్చు వాడిదే.

"బాగుంది", "బాగలేదు" అనే మాటలు మొదటి పది నిమిషాలు నిషిద్ధం. బదులుగా అక్క ఒకసారి అడిగిన ప్రశ్న మేమందరం అడుగుతాం: "ఏ సీన్లో ఫోను చూసుకున్నావు?" దీనికి ఎవడూ అబద్ధం చెప్పలేడు. సినిమా ఆహా ఓహో అన్నవాడు కూడా సెకండాఫ్‌లో రెండుసార్లు వాట్సాప్ తెరిచానని ఒప్పుకుంటాడు. అక్కణ్ణుంచి అసలు మాట మొదలవుతుంది. ఎందుకు తెరిచావు? పాట అనవసరంగా వచ్చిందా, హీరోయిన్‌కు చెయ్యడానికేమీ లేదా?

చివరిది మాస్టారి పద్ధతి, నాకు బాగా ఇష్టమైంది. నటన మీద తగువు తెగకపోతే ఆ సీను షాపులోని టీవీలో పెట్టి శబ్దం పూర్తిగా తీసేస్తాం. ఒకసారి బొమ్మ మాత్రమే. తర్వాత మేమంతా రోడ్డు వైపు తిరిగి కూర్చుని శబ్దం మాత్రమే. ఈ మధ్య ఒక పెద్ద సినిమాలో హీరో ఎంట్రీ ఇట్లా చూస్తే, ఒక మనిషి మెల్లగా కారు దిగి తలుపేశాడు, అంతే. మిగతాదంతా వాయించిన మనిషి గొప్పతనం. మా మేనల్లుడి మొహం చూడాలి అప్పుడు. ఇంకోరోజు వాడు పాత విలన్లను ఎగతాళి చేస్తే, మా కావలిలోనే పుట్టిన రాజనాల సీను ఒకటి మ్యూటులో పెట్టారు మాస్టారు. కళ్లు చికిలించి పక్కకు చూస్తాడు, అంతే. వాడు "ఇంకోసారి పెట్టండి సార్" అన్నాడు. అద్దె సినిమా అయితే ఈ పరీక్ష 48 గంటల లోపే పెట్టుకోవాలి, అందుకే శనివారం రాత్రి చూసి ఆదివారం సాయంత్రం తేల్చుకుంటాం.

ఒకటి మర్చిపోయా. డిస్కు ఎవరికైనా చేబదులిస్తే నోటుబుక్కులో పేరు, తేదీ, ఎన్నో డిస్కో రాసి పెట్టుకోండి. మొహమాటపడొద్దు. నా షాపు నోటుబుక్కులో 2009 నుంచి కొట్టెయ్యని పేరొకటుంది. మూడు డిస్కుల సెట్టులో చివరిది వాడి దగ్గరే ఉంది. రైతుబజారులో ఎదురుపడితే వంకాయలు ఏరుకుంటూనే అంటాడు, "కొంచెం మిగిలిందన్నా, ఈ వారం చూసేస్తా" అని.